3.73 వేశాక ఫస్ట్-సెకండ్ షిఫ్ట్: ఏడో ఫైల్

వెనక యాక్సిల్ గేర్ రేషియో మార్చాక ఫస్ట్-సెకండ్ షిఫ్ట్ సరిగ్గా పడేలా సెట్టింగులు దిద్దుతున్నాను. నిన్న ఏడో ఫైల్‌ను పీసీఎం (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ నడిపే కంప్యూటర్)లోకి ఫ్లాష్ చేసి ట్రాక్ మీద నాలుగుసార్లు ఫస్ట్ నుంచి పూర్తిగా తొక్కాను. మూడుసార్లు 6,050 ఆర్‌పీఎం దాకా వెళ్లి చక్కగా సెకండ్‌లో పడింది. ఇక అయిపోయిందనుకున్నాను. నాలుగోసారి మళ్లీ లిమిటర్ (ఇంజన్ హద్దు మించి తిరగకుండా ఆపేది) తగిలింది. 6,200 దగ్గర టపటపమని కొట్టుకుని, బండి ముందుకు ఊగి, అప్పుడు సెకండ్ పడింది. మూడు వారాలుగా ఈ ఒక్క షిఫ్టే నన్ను పట్టుకుని వదలట్లేదు.

బండిలో ఉన్నది ఎల్ఎస్1 ఇంజన్, 4ఎల్60ఇ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, కంపెనీ టార్క్ కన్వర్టర్ (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ ఆయిల్‌తో కలిపేది). వెనక యాక్సిల్‌లో 3.23 రేషియో (42/13 పళ్లు) తీసేసి 3.73 (41/11) వేశాను. కొత్త క్రౌన్-పినియన్ 500 మైళ్లు తిరిగింది, ఏ చప్పుడూ లేదు. సెకండ్-థర్డ్ షిఫ్ట్ మొదటి ఫైల్‌తోనే కుదిరింది. లాకప్ స్పీడ్‌లు (కన్వర్టర్ జారకుండా బిగుసుకునే స్పీడ్‌లు) కాస్త కిందికి దించితే చాలింది. ఫోర్త్‌లో 60 మైళ్ల దగ్గర 1,830 తిరిగే ఇంజన్ ఇప్పుడు 2,110 తిరుగుతోంది, దానికి నేను సిద్ధపడే ఉన్నాను.

విచిత్రమేమిటంటే, గేర్లు మార్చిన మొదటి రోజు షిఫ్ట్‌లు ఇంతకంటే బాగున్నాయి. అప్పుడు స్పీడోమీటర్ తప్పు చూపిస్తోంది. ముల్లు 60 మీద ఉంటే జీపీఎస్ 52 అంటోంది. సెన్సర్ ఉండేది గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ మీద కాబట్టి, పీసీఎం దృష్టిలో ఏమీ మారలేదు. షాఫ్ట్ అంతే తిరిగినప్పుడు అదే 'స్పీడు' అనుకుని, పాత ఆర్‌పీఎం దగ్గరే షిఫ్ట్ చేస్తోంది. నేను రేషియో సరిచేశాను, ముల్లు నిజం చెప్పడం మొదలైంది, అప్పుడే షిఫ్ట్‌లు చెడ్డాయి. ఎప్పుడు గేరు మార్చాలో చెప్పే టేబుల్స్ అన్నీ స్పీడు లెక్కల్లోనే ఉంటాయి మరి. వాటిని కూడా అదే నిష్పత్తిలో, అంటే 0.867తో గుణించి దించాలి.

అలాగే దించాను. ఫుల్ థ్రాటిల్‌లో ఫస్ట్-సెకండ్ పాత అంకె 40 మైళ్లు. గుణిస్తే 34.7 వచ్చింది, 35 పెట్టాను. లిమిటర్ కొట్టింది.

మొదట టైరు లెక్క మీద అనుమానం పడ్డాను. 275/40ఆర్17కి కాగితం మీద చుట్టుకొలత 2.05 మీటర్లు. టైరు పక్కన సుద్దతో ఒక గీత, సరిగ్గా దాని కింద నేల మీద ఒక గీత గీసి, బండిని ఐదు చుట్లు తోశాను. టేపు 9.95 మీటర్లు చూపించింది. అంటే చుట్టుకు 1.99, మైలుకు 809 చుట్లు. బరువు మీద పడ్డాక టైరు అంత నొక్కుకుపోతుందన్నమాట. 809 ఎక్కించాను, జీపీఎస్‌తో ముల్లు కలిసింది. లిమిటర్ మాత్రం పోలేదు.

తర్వాత చక్రాలు జారుతున్నాయేమో అనుకున్నాను. జారితే సెన్సర్ అబద్ధపు స్పీడు చూపించాలి. పీసీఎం 34 అన్నచోట జీపీఎస్ 33 అంది. అదీ కాదు.

అసలు దారి చూపింది పాత లాగ్ (బండి నడుస్తుండగా రికార్డు చేసిన రీడింగులు). 3.23 ఉన్నప్పటిది ఒకటి దాచి ఉంచాను, ఎంత మేలు చేసిందో చెప్పలేను. అందులో షిఫ్ట్ కమాండ్ 5,600 దగ్గర పడింది, ఇంజన్ 6,110 దాకా వెళ్లి వెనక్కి తగ్గింది. కమాండ్ నుంచి ఆ శిఖరం దాకా 0.3 సెకన్లు. కొత్త లాగ్‌లో కమాండ్ 5,660 దగ్గర పడింది, పెద్ద తేడా లేదు. కానీ ఆర్‌పీఎం పెరిగే వేగం చూడండి: అప్పుడు సెకనుకు 1,650, ఇప్పుడు 2,200. బండి పికప్ 15 శాతం పెరిగింది, పైగా స్పీడు అంతే పెరిగినా ఇంజన్ ఇంకో 15 శాతం ఎక్కువ తిరగాలి. 1.15ను 1.15తో గుణిస్తే 1.32. గేర్‌బాక్స్ మాత్రం ఎప్పటిలాగే 0.3 సెకన్లు తీసుకుంటోంది. ఆ కాస్త సమయంలో అప్పుడు 500 పెరిగేది, ఇప్పుడు 660 పెరుగుతోంది. 5,660కి అది కలిపితే 6,320. లిమిటర్ కొట్టక ఏం చేస్తుంది? సెకండ్-థర్డ్ ఎందుకు ఇబ్బంది పెట్టలేదో కూడా ఇక్కడే తెలిసింది. సెకండ్‌లో ఆర్‌పీఎం సెకనుకు 620 మించి పెరగదు.

ఇది కనిపించడానికి ఇంత ఆలస్యం కావడానికి లాగింగే కారణం. 24 చానళ్లు (ఒకేసారి రికార్డయ్యే కొలతలు) పెట్టుకున్నాను, సెకనుకు పది రీడింగులు కూడా సరిగ్గా రాలేదు. రీడింగుకీ రీడింగుకీ మధ్య 220 ఆర్‌పీఎం దాటిపోతుంటే శిఖరం ఎక్కడ చిక్కుతుంది? చెవికి లిమిటర్ వినబడుతోంది, గ్రాఫ్‌లో మాత్రం 6,090 దగ్గరే ఆగుతోంది. చానళ్లు ఏడుకి తగ్గించాక గీత స్పష్టంగా వచ్చింది.

ఈ పీసీఎంలో ఫుల్ థ్రాటిల్ షిఫ్ట్‌కి స్పీడు, ఆర్‌పీఎం రెండూ దాటాలి. అందుకే స్పీడును 31కి దించేసి అడ్డు లేకుండా చేశాను, పెత్తనం ఆర్‌పీఎం చేతికిచ్చాను. ఏడో ఫైల్‌లో అది 5,400. దానికి 660 కలిపితే 6,060. నిన్నటి మూడు పరుగులూ ఈ లెక్కకు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

మరి నాలుగోది? మొదటి పరుగులో గేర్‌బాక్స్ ఆయిల్ 75 డిగ్రీలు, నాలుగోదానికి 98. ఆలస్యం 0.38 సెకన్లకు పెరిగింది. ఇంజన్ తప్పు లేదు, కమాండ్ సరిగ్గా 5,400కే పడింది. ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక సెకండ్ బ్యాండ్ (సెకండ్ గేరు కోసం బిగుసుకునే పట్టీ) పట్టుకోవడానికి ఎక్కువ సమయం పడుతోంది. ఆ బ్యాండ్‌ను తోసే సర్వో సీల్ అరిగి ప్రెషర్ కారుతోందని నా ఊహ. లేదంటే షిఫ్ట్ మెత్తగా పడేలా ప్రెషర్‌ను సర్దే 1-2 అక్యుములేటర్‌లో ఏదో ఉంది. థర్డ్ క్లచ్ వేడిలోనూ అదే వేగంతో పట్టుకుంటోంది కాబట్టి పంపును అనుమానించట్లేదు.

ఒక మాట. టైరు సైజు, రేషియో అడిగి మిగతాది తానే చూసుకుంటానని చెప్పే చేతి ట్యూనర్లను ఈ పనికి నమ్మొద్దు. ఒకటి అరువు తెచ్చి చూశాను, స్పీడు సరిచేసింది గానీ ఫుల్ థ్రాటిల్ అంకెలు ముట్టుకోలేదు. సెన్సర్ వైరు మధ్యలో పెట్టే బాక్సులు ఇంకా చెడ్డవి. పీసీఎం ఆ సిగ్నల్‌తోనే స్లిప్ (గేర్‌బాక్స్ లోపలి జారుడు) కూడా లెక్కేస్తుంది, దాన్ని మార్చి పంపితే లేని స్లిప్ కనిపించి కోడ్‌లు పడతాయి. హెచ్‌పీ ట్యూనర్స్ అనే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి టేబులూ విప్పి చూడొచ్చు, అందుకే నాకది నచ్చుతుంది.

ఎనిమిదో ఫైల్‌లో 5,250 పెట్టాను. వేడిలోనూ 6,090 దాటకూడదు, చల్లగా ఉన్నప్పుడు మాత్రం 5,910కే మారిపోతుంది. 180 ఆర్‌పీఎం అలా వదులుకోవడం మనసుకు పట్టట్లేదు. అందుకే కార్వెట్ సర్వో వేద్దామని ఉంది. సెకండ్ బ్యాండ్‌ను తోసే పిస్టన్ వైశాల్యం అందులో ఎక్కువ, పాన్ (గేర్‌బాక్స్ కింది ఆయిల్ తొట్టి) దించకుండా బయటి కవర్ తీసి మార్చొచ్చు. సీల్స్ కూడా కొత్తవి పడతాయి. వేశాక ముందు 75 డిగ్రీల దగ్గర, తర్వాత 98 దగ్గర ఇదే ఏడు చానళ్లతో లాగ్ చేస్తాను. ఆలస్యం 0.3కి దిగకపోతే అప్పుడు పాన్ దించి అక్యుములేటర్ చూస్తాను.