60 వేలలో కాలేజీ ల్యాప్‌టాప్: నా అనుభవం

మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మొదటి ఏడాది. బడ్జెట్ 60 వేలు. ఈ ధరలో ఏ కంపెనీ అయినా ఎక్కడో ఒకచోట కోత పెడుతుంది. ఆ కోత ఎక్కడ పడిందో కనిపెట్టి, అది చదువుకు అడ్డురాని మోడల్ తీసుకోవాలి. వారం రోజులు ఈ లెక్కతోనే వెతికి, చివరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. వరసగా దుకాణాలుంటాయి కాబట్టి ఒకే మోడల్ నాలుగుచోట్ల ధర అడగొచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది బ్రాంచి. సీఎస్‌ఈ పిల్లలకు మొదట్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ఆ డబ్బు ర్యామ్‌కి పెట్టడం మంచిది. మెకానికల్, సివిల్ వాళ్లు సాలిడ్‌వర్క్స్, రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు నడపాలి కాబట్టి బరువు కాస్త ఎక్కువైనా కార్డున్నదే తీసుకోవాలి. ఆ రెండూ విండోస్‌కే వస్తాయి, మ్యాక్‌కి రావు.

ప్రాసెసర్ పేరు దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. ‘సార్, ఇది రైజెన్ 5, సెవెన్ థౌజండ్ సిరీస్, లేటెస్ట్’ అని ఒకచోట చూపించినది ఏఎండీ కంపెనీ 7520యూ ప్రాసెసర్. ఈ సిరీస్‌లో మొదటి అంకె మోడల్ ఏ ఏడాదిదో చెబుతుంది. లోపలి డిజైన్ ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. 7520లో అది 2, అంటే 2019లో వచ్చిన జెన్ 2 అనే పాత డిజైన్. కోర్లు (పని పంచుకునే భాగాలు) నాలుగే. పైగా ఆ చిప్‌తో ర్యామ్ బోర్డుకే సోల్డర్ అయి వస్తుంది, తర్వాత పెంచుకునే దారి ఉండదు. 7530యూ అయితే జెన్ 3, 6 కోర్లు. పేరులో ఒక్క అంకె తేడా, పనిలో మాత్రం చాలా తేడా. ఇంటెల్‌లో చివరి అక్షరం చూడాలి: 1235యూ లాంటివి 15 వాట్లవి, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. 12450హెచ్ లాంటివి 45 వాట్లవి, బరువైన పనికి నిలబడతాయి, ఫ్యాన్ చప్పుడు కూడా ఎక్కువే.

ర్యామ్ సంగతి డిస్‌ప్లేలో పెట్టిన పీస్ మీదే తేలిపోతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ తెరిస్తే ఫామ్ ఫ్యాక్టర్ అన్నచోట ‘సోడిమ్’ అని ఉంటే తీసి మార్చుకునే స్టిక్, ‘రో ఆఫ్ చిప్స్’ అంటే బోర్డుకు అతికించినది. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెరమీదే నడిచే ఉత్తుత్తి ఫోన్) నడపాలంటే 16 జీబీ కావాలి. 8 జీబీ దాటి పెంచుకోలేని మోడల్‌ని, ఎంత తక్కువకిచ్చినా, నేను వద్దంటాను.

స్క్రీన్ గురించి ఎవరూ అడగరు, కోత ఎక్కువగా పడేది అక్కడే. ఫోన్‌లోని బతుకమ్మ ఫొటోనే ల్యాప్‌టాప్‌లో తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఫోన్‌లో నిండుగా ఉన్న సీతజడ పూల ఎరుపు, స్క్రీన్ మీద వెలిసిన ఇటుకరంగులో కనిపించింది. అలాంటి ప్యానెల్‌కి స్పెసిఫికేషన్లలో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్’ అని ఉంటుంది; మొదటిది రంగుల లెక్క, రెండోది వెలుగు లెక్క. కోడింగ్‌కి సరిపోతుంది. ఫొటోలు, డిజైన్ చేసే పిల్లలకైతే ‘100 శాతం ఎస్ఆర్‌జీబీ’ అని రాసి ఉన్నదే వెతకండి. ఒకే పేరుతో రెండు రకాల ప్యానెళ్లు వస్తాయి కాబట్టి పెట్టె మీది పూర్తి మోడల్ కోడ్‌ని కంపెనీ సైట్‌లో కొట్టి చూడాలి.

డబ్బు కట్టేముందు పెట్టె మీద, ల్యాప్‌టాప్ అడుగున, బిల్లులో సీరియల్ నంబరు ఒకటేనా అని చూశాను. ‘సెటప్ మేమే చేసిస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. వాళ్ల మెయిల్‌తో లాగిన్ అయితే ల్యాప్‌టాప్‌తో వచ్చే ఆఫీస్ లైసెన్సు ఆ మెయిల్‌కే అతుక్కుంటుంది. మా అమ్మాయి తన మెయిల్‌తో అక్కడే చేసుకుంది. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీశాను. డిజైన్ కెపాసిటీ (కంపెనీ చెప్పిన సామర్థ్యం), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు నిజంగా నిండేది) దగ్గర దగ్గరగా ఉండాలి. సైకిల్ కౌంట్ (బ్యాటరీ ఎన్ని ఛార్జ్‌లు వాడిందన్న లెక్క) పదుల్లో ఉంటే అది డిస్‌ప్లే పీస్ కావచ్చు. 512 జీబీ ఎస్ఎస్‌డీ 476గా కనిపిస్తే కంగారు పడొద్దు, విండోస్ లెక్కపెట్టే పద్ధతి అది.

బిల్లు లేకపోతే తగ్గిస్తామంటారు. వద్దు. కంపెనీ సైట్‌లో సీరియల్ కొడితే వారంటీ ఒక్కోసారి మనం కొన్న రోజుకంటే ముందే మొదలైనట్టు చూపిస్తుంది. దాన్ని సరిచేయించుకోవడానికి జీఎస్టీ బిల్లే ఆధారం.

మేం తీసుకున్నది 12450హెచ్, ఒకే 8 జీబీ స్టిక్, ఇంకో ర్యామ్ స్లాటు ఖాళీ. స్లాటు తెరిస్తే వారంటీ పోదని కంపెనీ కస్టమర్ కేర్‌ని ముందే అడిగి, అదే డీడీఆర్4 3200 స్పీడుది ఇంకో 8 జీబీ కొని కళ్లముందే వేయించాం. టాస్క్ మేనేజర్‌లో స్లాట్లు ‘2కి 2’ అని చూశాకే ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టాం.