వాడు కూతకొస్తే పట్టేదెవరు

శనివారం. పొద్దున్నుంచీ ముసురు. కూరగాయలకని ఇంగ్లండ్‌లో నేనుండే లీడ్స్ సిటీలోకి వెళ్లి వస్తుంటే బెకెట్ యూనివర్సిటీ గోడ మీదున్న రగ్బీ లీగ్ ఆటగాడు రాబ్ బరో బొమ్మ ముందు ఒకాయన తన పిల్లాణ్ణి నిలబెట్టి ఫొటో తీస్తున్నాడు, వానలోనే. నేనూ కాసేపు ఆగాను.

ఇక్కడికొచ్చిన కొత్తలో నాకు రగ్బీ లీగ్ గురించి ఏమీ తెలీదు. జట్టుకు పదమూడు మంది, ఆరుసార్లు పట్టుబడేలోపు స్కోరు చేయకపోతే బంతి అవతలివాళ్లకి పోతుంది, ఇవన్నీ ఆఫీసులో పక్క సీటాయన చెప్పినవే. రాబ్ గురించి చెప్పిందీ ఆయనే. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. అవతల వంద కిలోల మనుషులు. ఈ ఆటకి నువ్వు సరిపోవని చిన్నప్పట్నుంచీ విన్న మనిషి 2001 నుంచి 2017 దాకా ఒక్క లీడ్స్ రైనోస్ జట్టుకే 492 మ్యాచ్‌లు ఆడాడు, ఇక్కడి పెద్ద పోటీ అయిన సూపర్ లీగ్ టైటిళ్లు 8 గెలిచాడు.

సాయంత్రం వీడియో కాల్‌లో నాన్నకి 2011 సూపర్ లీగ్ ఫైనల్లో సెయింట్ హెలెన్స్ జట్టు మీద రాబ్ చేసిన ట్రై చూపించాను. ట్రై అంటే బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకి తాకించడం. పట్టుకోబోయినవాడి చేతుల కిందనుంచి వంగి దూరి, మిగతావాళ్లని తప్పించుకుంటూ ఒకటే పరుగు. నాన్న వయసులో ఉన్నప్పుడు ఊళ్లో కబడ్డీ ఆడేవారు, ఆయనా పొట్టే.

"ఇది మన ఆటేనమ్మా! వాడు కూతకొస్తే పట్టేదెవరు? ఇప్పుడేం చేస్తున్నాడు?"

చెప్పక తప్పలేదు. 2017 ఫైనల్ గెలిచి ఆట మానేశాడు, 2019 డిసెంబర్లో మోటార్ న్యూరాన్ వ్యాధి అన్నారు, అప్పటికి 37 ఏళ్లే. కండరాలు ఒక్కొక్కటే మాట వినడం మానేశాయి, చివరికి గొంతు కూడా పోయి కళ్లతో కంప్యూటర్ నడుపుతూ మాట్లాడేవాడు. తన పాత కెప్టెన్ ఈ జబ్బు పరిశోధనకి డబ్బు పోగుచేయడానికి 2020లో ఏడు రోజుల్లో ఏడు మారథాన్‌లు పరిగెత్తాడు, రాబ్ జెర్సీ నంబర్ ఏడు కాబట్టి. 2023 మేలో లీడ్స్ మారథాన్ మొత్తం రాబ్‌ని చక్రాల కుర్చీలో తోసుకొచ్చి, గీత దగ్గర రెండు చేతుల్లో ఎత్తుకుని దాటించాడు. ఆ ఫొటో నేను ఎన్నిసార్లు చూసినా ఏడుపొస్తుంది.

2024 జూన్ 2న రాబ్ పోయాడు, 41 ఏళ్లకి. సీక్రాఫ్ట్ ఆసుపత్రిలో అతని పేరుమీద చికిత్సా కేంద్రం కట్టే పని ఆ మర్నాడే మొదలుపెట్టారు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ ఎత్తుకున్నాయన పేరేంటమ్మా?"

కెవిన్ సిన్‌ఫీల్డ్ అన్నాను. నోరు తిరక్క రెండు మూడుసార్లు పలికించుకున్నారు.