గేట్‌వే వెనక కంప్యూటర్‌కి పబ్లిక్ ఐపీ: నా అనుభవం

పర్లాకిమిడిలో మా చిన్నాన్నది బియ్యం హోల్‌సేల్ షాపు. లెక్కల సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ షాపులో ఉంటుంది, లెక్కలు చూసే మా బావ శ్రీకాకుళంలో ఉంటాడు. ఆయన అక్కణ్ణించే బ్రౌజర్‌లో తెరిచి చూసుకోవాలి. మధ్యలో నేను పెట్టిన లైనక్స్ గేట్‌వే, అంటే షాపు నెట్‌వర్క్‌ని ఇంటర్నెట్‌తో కలిపే మెషీన్ ఉంది: ఒక నెట్‌వర్క్ కార్డు ఇంటర్నెట్ వైపు, ఇంకోటి షాపు స్విచ్ వైపు.

ముందు బయటి కార్డు అడ్రస్ చూశాను. 100.64తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా వరస ఇంటర్నెట్ ప్రొవైడర్లు తమ సొంత నాట్ (ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక చాలామందిని ఉంచే అడ్రస్ మార్పిడి) కోసం వాడుకోవడానికి 2012లో కేటాయించింది. అలాంటిది కనిపిస్తే మన దగ్గర ఎన్ని పోర్టులు (ఒక్కో సర్వీసుకి ఉండే నంబరు తలుపులు) తెరిచినా దండగే, అవతల ఇంకో నాట్ ఉంటుంది. అందుకని స్టాటిక్ ఐపీలు, అంటే మారని పబ్లిక్ అడ్రస్‌లు తీసుకున్నాం, స్లాష్ 29 బ్లాక్ (వరసగా 8 అడ్రస్‌లు). ఉన్న 8లో మొదటిదీ చివరిదీ వాడకూడదు, ఒకటి ప్రొవైడర్ రూటర్‌ది. మిగతా 5 మనవి. అసలు నంబర్లు చెప్పను గానీ, ఉదాహరణలకని కేటాయించిన 203.0.113 వరసలో గేట్‌వేది 10, కంప్యూటర్‌కి ఇవ్వాల్సింది 11 అనుకోండి.

"ఆ నంబరేదో కంప్యూటర్‌లో కొట్టేస్తే అయిపోద్ది కదరా" అన్నాడు చిన్నాన్న. అవదు. కంప్యూటర్ తన లోపలి అడ్రస్ 192.168.10.20తోనే ఉండాలి. 203.0.113.11ని గేట్‌వే బయటి కార్డుకి రెండో అడ్రస్‌గా పెట్టాలి. లేదంటే అది ఎవరిదని ప్రొవైడర్ రూటర్ ఏఆర్‌పీలో (ఫలానా ఐపీ ఏ మెషీన్‌దో కనుక్కునే పద్ధతి) అడిగినప్పుడు పలికేవాళ్లుండరు.

ఆ తర్వాత లైనక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌లో రెండు రూల్స్. ఆ అడ్రస్‌కి వచ్చినదాన్ని డీనాట్ లోపలి కంప్యూటర్‌కి మళ్లిస్తుంది. కంప్యూటర్ తనంతట తాను బయటికి వెళ్లేటప్పుడు ఎస్‌నాట్ అదే అడ్రస్ తగిలిస్తుంది. ఎస్‌నాట్ రూల్ మాస్కరేడ్ (షాపులో అందరికీ గేట్‌వే అడ్రసే తగిలించే రూల్) కంటే పైన ఉండాలి, ముందు ఏది సరిపోతే అదే పనిచేస్తుంది కాబట్టి. గేట్‌వే దాటి ఏది వెళ్లొచ్చో చెప్పే ఫార్వర్డ్ రూల్‌లో మాత్రం లోపలి అడ్రసే రాయాలి, ప్యాకెట్ అక్కడికి చేరేసరికే డీనాట్ అయిపోయి ఉంటుంది. బ్రౌజర్ వాడే 443 పోర్టు ఒక్కటే తెరిచాను, అదీ బావ ఆఫీసు స్టాటిక్ ఐపీకి మాత్రమే. రిమోట్ డెస్క్‌టాప్ 3389 కూడా తెరవమన్నారు, నేను ఒప్పుకోలేదు. లెక్కల కంప్యూటర్‌ని ఊరందరి ముందూ పెట్టడం నాకు ఇష్టం లేదు.

బావ ఫోన్ చేసి "వచ్చేసిందిరా" అన్నాడు. విచిత్రంగా షాపు కౌంటర్ ల్యాప్‌టాప్‌లో మాత్రం అదే అడ్రస్ తెరుచుకోలేదు. చిన్నాన్నకి టెన్షన్. జరిగేదేంటంటే, ల్యాప్‌టాప్ అడిగింది గేట్‌వే మీదుగా వెళ్తుంది, జవాబు మాత్రం కంప్యూటర్ నుంచి స్విచ్ మీదుగా నేరుగా వచ్చేస్తుంది. తాను అడగని 192.168.10.20 నుంచి వచ్చిన జవాబుని ల్యాప్‌టాప్ పారేస్తుంది. దీన్ని హెయిర్‌పిన్ సమస్య అంటారు. ఇంకో ఎస్‌నాట్ రూల్ రాస్తే పోతుంది గానీ, షాపులో లోపలి అడ్రసే వాడమన్నాను.

చివరికి రూల్స్‌నీ రెండో అడ్రస్‌నీ రీబూట్ తర్వాత కూడా ఉండేలా సేవ్ చేసి, కరెంటు మెయిన్ ఆపి మళ్లీ వేసి చూశాను. అన్నీ నిలిచాయి.