సున్నపు గోడలు, గంజి చీరలు

మార్చి చివరి వారం మొదలుకొని జూన్‌లో తొలకరి పడేదాకా, వీలు చిక్కిన ప్రతి శనివారం తెల్లవారుజామున మేము హైదరాబాదులో బయలుదేరి, వర్ధన్నపేట దాటిన తరువాత లోపలికి ఉన్న మా అమ్మమ్మ ఊరికి వెళ్తాము. అమ్మమ్మ కాలం చేసినప్పటి నుంచి ఆ భవంతి ఇంట్లో చిన్నమ్మ ఒక్కతే ఉంటున్నది. వెళ్ళేది విశ్రాంతి కోసమే అయినా, ఆ రెండు రోజులూ ఇల్లు సింగారించడంతోనూ మేము సింగారించుకోవడంతోనూ గడిచిపోతాయి. ఈ రెండూ వేరువేరు పనులని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఎండాకాలంలో ఇంటికైనా ఒంటికైనా కట్టేది గాలి ఆడనివ్వాలి. ఈ సంగతి నాకు ఆ ఇంట్లోనే, ఒక తప్పు చేసిన తరువాత తెలిసివచ్చింది.

మూడేళ్ళ కిందట నేను ముచ్చటపడి, పడమటి అర్రకు సున్నం మాన్పించి, పట్నం నుంచి తెచ్చిన ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వేయించాను. లేత ఆకుపచ్చ రంగు. వేసిన నెల రోజులు కళ్ళకు హాయిగానే ఉండింది. ఆ వానాకాలం గడిచేసరికి గోడ అడుగుభాగమంతా బుడగలు లేచి, వేలు తగిలితే చాలు పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. పాత మట్టిగోడ నేలలోని తడిని పీల్చుకుంటుంది, మళ్ళీ గాలికి వదులుతుంది. పైన రంగు పొర అడ్డుపడితే ఆ తడికి బయటికి దారి ఉండదు. చిన్నమ్మ నన్ను ఒక్క మాట కూడా కోప్పడలేదు. గోడ మీద చెయ్యి పెట్టి, "గోడకు గాలాడాలె బిడ్డా, రంగేసి ముక్కు మూస్తే అదెట్ల బతుకుతది?" అన్నది. ఆ రంగంతా గీకించడానికి మాకు నాలుగు వారాంతాలు పట్టింది.

అప్పటి నుంచి ఏటా ఏప్రిల్‌లో సున్నమే వేస్తున్నాము. శనివారం సాయంత్రం పెరట్లోని పాత తొట్టిలో సున్నపుగడ్డలు వేసి నీళ్ళు పోస్తే, తొలుత ఏమీ జరగనట్టే ఉంటుంది. కాసేపటికి గడ్డలు పగుళ్ళిచ్చి, బుసబుసమని పొంగి, తొట్టి అంతా తెల్లగా ఉడుకుతుంది. ఆ సమయంలో పిల్లలను దగ్గరికి రానివ్వము. చిట్లిన చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. తెల్లవారేదాకా నాననిచ్చి, పాత పంచెలో వడగట్టి, కాస్త నీలిమందు కలిపి, గోడను ముందుగా నీళ్ళతో తడిపి, పలుచగా రెండు పూతలు వేస్తాము. వేసినప్పుడు తడిగోడ బూడిదరంగుగా కనిపించి మనసు చిన్నబుచ్చుతుంది. ఆరుతున్నకొద్దీ తెలుపు పైకి తేలుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుని మెల్లమెల్లగా మళ్ళీ రాయిగా మారుతుంది కాబట్టి, నిండు తెలుపు చూడాలంటే మరుసటి వారందాకా ఆగవలసిందే. గడపకు పసుపు మాత్రం అన్నిటికన్నా చివర రాయాలి. ఒకసారి ముందే రాస్తే, గోడ మీది నుంచి సున్నపు చుక్కలు పడి, పడిన ప్రతిచోటా పసుపు ఎర్రబారింది. పారాణి పుట్టేదీ అట్లాగే కదా.

గోడలు తెల్లబడిన తరువాత నేలకు రంగు కావాలి. ఎండాకాలానికి తివాచీ పనికిరాదు, జంపఖానా కావాలి. మావి వరంగల్ కొత్తవాడలో నేసినవి. ఒక అంచును వేళ్ళతో విడదీసి చూస్తే దాని పనితనం తెలుస్తుంది: అడ్డంగా పోయే పేక దారం నిలువునా ఉండే పడుగును పూర్తిగా కప్పేస్తుంది, మనకు కనిపించే రంగంతా పేకదే. రెండువైపులా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి ఒకవైపు వెలిసిందనిపిస్తే తిప్పి పరచుకోవచ్చు. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శన దాకా వెళ్ళాయి. మన దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకు, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) 2018లో వచ్చింది. ఇంత పేరున్న నేతను మన ఇళ్ళలోనే మడిచి అటక మీద పెట్టి, నేల మీద ప్లాస్టిక్ చాపలు పరుస్తున్నామంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. మేము మాత్రం నీలం, ఇటుకరంగు చారలున్న దాన్ని నడిమింట్లో పరచి, పగటిపూట వీపులకు చల్లగా తగిలేలా దాని మీదే నడుము వాలుస్తాము. కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి, గంటకొకసారి నీళ్ళు చల్లుతాము. గూటిలో పెంబర్తి ఇత్తడి దీపం ఒకటి, దర్వాజ ఎదుటి గోడకు బొమ్మలతో కథ చెప్పే ఎర్రని చేర్యాల పటం ఒకటి. ఇంతకు మించి అలంకారం ఆ ఇల్లు అడగదు.

ఆదివారం పొద్దున వంతు చీరలది. అన్నం వార్చిన గంజిలో నీళ్ళు కలిపి పలుచన చేసి, ఉతికిన నూలు చీరలను ముంచి పిండి, నీడన ఆరవేస్తాము. గంజి చిక్కనైతే చీర అట్టలా నిలబడి చెమటను పీల్చదు. అది కూడా ముక్కు మూసిన గోడ వంటిదే. కొంచెం చెమ్మ ఉండగానే చిన్నమ్మ ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని వెనక్కి వంగి గుంజి మడతలు పెడతాము. మా ఇద్దరికీ తీరిగ్గా మాట్లాడుకునే సమయం అదే. చిన్నమ్మకు ప్రాణమైనది సిద్దిపేట గొల్లభామ చీర. నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామలు అంచు మీద వరుస కట్టి నిలబడి ఉంటారు, వేలితో తడిమితే ఆ బొమ్మ దారం కొంచెం ఉబ్బెత్తుగా తగులుతుంది. అది అచ్చువేసిన బొమ్మ కాదు, మగ్గం మీద విడిగా దారం పోనిచ్చి నేసిన బొమ్మ.

ఎండ దిగి, వాకిట్లో నీళ్ళు చల్లిన తరువాత, మేము తలలు దువ్వుకుని, పెరటి మల్లెలు మాలకట్టి పెట్టుకుని, ఆ గంజి చీరలు కట్టుకుంటాము. చూడవచ్చేవారు ఎవరూ ఉండరు. పట్టుచీర ఎందుకు తేలేదని మా అమ్మాయి మొన్న అడిగితే, చిన్నమ్మ దాని భుజం మీద తన పాత నారాయణపేట నూలుచీర కొంగు వేసి, వాకిట్లోని నులకమంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నది. కాసేపటికి చెరువు వైపు నుంచి గాలి మళ్ళింది. తెల్లగోడ ముందు ఆ ఎర్రంచు కొంగు కదులుతుంటే, మా అమ్మాయి దాన్ని తీసి ఇవ్వకుండా రెండు చేతులతో చుట్టూ కప్పుకున్నది.