మొద్దుబారిన రెండు వేళ్లు

పళ్లు చూసే చిన్న అద్దాన్ని, అంటే మౌత్ మిర్రర్‌ను, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు కలిసి పట్టుకోవాలి. నాకు ఆ రెండు వేళ్లే మొద్దుబారాయి. మొదట మెడ పట్టేసింది. తర్వాత భుజం వెనుక మొదలై, మోచేయి దాటి వేళ్ల దాకా కరెంటు పాకినట్టు నొప్పి. చెయ్యెత్తి తలపై పెట్టుకుంటే తప్ప రాత్రి నిద్ర పట్టేది కాదు.

నేను ఒంగోలులో దంతవైద్యురాలిని. వారంలో కొన్ని రోజులు కనిగిరి వెళ్తాను. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ హద్దు దాటిన బోరునీళ్లు తాగి పెరిగిన పిల్లలు గోధుమరంగు మచ్చలు, గుంటలు పడిన ముందుపళ్లతో వస్తారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాలని వాళ్ల కోరిక. పూత పంటికి అంటుకోవాలంటే ముందు ఆమ్లంతో పంటి పైపొర ఎనామెల్‌ను గరుకు చేయాలి. ఇలా ఫ్లోరోసిస్ పట్టిన ఎనామెల్ ఆమ్లానికి ఓ పట్టాన లొంగదు. దానిపై కాంపోజిట్ అనే పంటిరంగు పూత నిలబెట్టడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ మెడ వంచి, భుజాలు బిగించి, కదలకుండా ఉండాలి. తల బరువు 5 కిలోల దాకా ఉంటుంది. ముందుకు వంగేకొద్దీ మెడ కండరాలు మోయవలసిన భారం పెరుగుతూ పోతుంది.

ఐదు, ఆరు మెడపూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. చేతిలో పట్టు తగ్గినా, నడక తూలినా, మూత్రంపై అదుపు తప్పినా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు డాక్టరు. అవేవీ లేవు కనుక ఆపరేషన్ వద్దన్నారు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గిపోతుందని ధైర్యం చెప్పారు.

వ్యాయామం చేస్తారా అని ఫిజియోథెరపిస్టు అడిగితే, పొద్దుటి నుంచి నిలబడే ఉంటానని, సాయంత్రానికి కాళ్లు లాగేస్తాయని చెప్పాను. "అది అలసటమ్మా, వ్యాయామం కాదు" అన్నారాయన. బిగిసిన కండరం వదులు కాకపోతే దానికి రక్తం సరిగా అందదు. నడకలో అదే కండరం బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మా వృత్తిలో ఎంత కష్టపడినా అది ఈ లెక్కలోకి రాదు.

గడ్డం వెనక్కి లాగి పట్టడం, భుజాల రెక్కలు దగ్గరకు తేవడం, రబ్బరు పట్టీ లాగడం, ఉదయం వేగంగా నడవడం. నొప్పి ముందు తగ్గింది. మొద్దుబారడం చివరి దాకా వేధించింది. రోగి నోరు నా మోచేతి ఎత్తుకు వచ్చేలా కుర్చీ సర్దుతున్నాను, లూప్స్ అనే భూతద్దాల కళ్లజోడు పెట్టుకుంటున్నాను, రోగికీ రోగికీ మధ్య కాస్త వ్యవధి ఇస్తున్నాను.

ఈ మార్పులు చూసి మా అసిస్టెంటు ఓ రోజు మెల్లగా అంది: "నాకూ నడుము నొప్పే మేడమ్." అవతలి వైపు నుంచి వంగి రోగి నోట్లోని తడి లాగే సక్షన్ గొట్టం పట్టుకునేది తనే. డాక్టరు నొప్పికి స్కాన్లు, సెలవులు ఉంటాయి. తన నొప్పిని అడిగేవారే లేరు. ఇప్పుడు తన స్టూలు కూడా మార్చాం, విరామం ఇద్దరికీ ఒకటే.

కనిగిరిలో పాత కుర్చీ తగినంత ఎత్తుకు లేవదు. అందుకని ఎక్కువసేపు పట్టే పనులకు ఒంగోలు రమ్మంటున్నాను. దానివల్ల వాళ్లకు బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలి పోతున్నాయి. ఆ కుర్చీ మార్చడానికి డబ్బు కూడబెడుతున్నాను.