ఏక్రన్ కుర్రాళ్ళు, మా ఇంటి మిశ్రచాపు

కిందటి వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, పెరట్లో కోసిన గోంగూరను వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఒలుస్తూ ఉండగా, పదిహేనేళ్ళ మా అబ్బాయి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, “అమ్మా, ఈ పాట ఎన్ని అక్షరాల తాళంలో ఉందో చెప్పు” అన్నాడు. గిటారు గీసినట్టుగా, గొంతు యంత్రం పలికినట్టుగా, మొత్తం మీద పాట కంటె ఫ్యాక్టరీ చప్పుడుకు దగ్గరగా ఉన్న ఆ శబ్దం మొదట నా చెవికి ఇంపుగా తోచలేదు. అయినా చిన్నప్పటి అలవాటు చేతిని ఊరికే ఉండనివ్వదు కాబట్టి తొడ మీద వేసి చూశాను. తకిట తకధిమి, తకిట తకధిమి. ఏడు. “మిశ్రచాపు లెక్కే కదురా ఇది” అన్నాను. వాడి ముఖం వెలిగిపోయింది. “వీళ్ళ పేరు డీవో. మన ఊరి వాళ్ళే, అమ్మా” అన్నాడు.

ఆ “మన ఊరు” అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా ఇంట్లో “మన ఊరు” అంటే తెనాలి. మావారు పాలిమర్ శాస్త్రంలో పై చదువు కోసం ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడి ఇరవై ఏళ్ళు దాటినా, నా నోట ఆ మాట మరో అర్థంలో ఎప్పుడూ రాలేదు. కాని వాడు పుట్టింది ఇక్కడ, నడక నేర్చింది ఇక్కడ. వాడి మన ఊరు ఏక్రనే. తెనాలి వీధుల గురించి, కాలవ గట్ల గురించి వాడికి ఎన్నో చెప్పిన నేను, వాడి ఊరి గురించి వాడిని ఒక్క మాటైనా అడగలేదన్న సంగతి ఆ మధ్యాహ్నం నాకు తట్టింది. ఆ తరువాత కొన్ని నెలల పాటు ఈ బృందం కథను మేమిద్దరం కలిసి చదివాము, విన్నాము. నేను ఈ ఊరిని తెలుసుకున్నది ఆ కథ వల్లనే.

ఏక్రన్‌ను ఒకప్పుడు ప్రపంచ రబ్బరు రాజధాని అనేవారు. గుడ్‌రిచ్, గుడ్‌యియర్, ఫైర్‌స్టోన్ వంటి టైర్ల కంపెనీలు ఇక్కడ నుంచే దేశమంతటికీ చక్రాలు పంపాయి. డీవో కుర్రాళ్ళు ఎదిగేనాటికి ఆ వైభవం సడలడం మొదలైంది. మావారి వంటి వాళ్ళను ఇంత దూరం రప్పించిన పాలిమర్ విద్య కూడా ఆ రబ్బరు పరిశ్రమ చలవతో పెరిగినదే కాబట్టి, ఈ బృందమూ మా కుటుంబమూ ఒకే చెట్టు కింద చేరినవాళ్ళమేనని నాకు అనిపిస్తుంది.

బృందం పుట్టుకకు కారణమైన సంఘటన మాత్రం రబ్బరుకు సంబంధించినది కాదు. మాకు అరగంట దూరంలో ఉన్న కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1970 మే 4న, వియత్నాం యుద్ధాన్ని కంబోడియాకు విస్తరించడాన్ని నిరసిస్తున్న విద్యార్థుల మీద నేషనల్ గార్డ్ సైనికులు 13 సెకన్లలో 67 తూటాలు కాల్చారు. నలుగురు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. ఆ గుంపులో జెరాల్డ్ కసాలే అనే విద్యార్థి ఉన్నాడు. చనిపోయిన నలుగురిలో ఆలిసన్ క్రౌజ్, జెఫ్రీ మిల్లర్ అతనికి ముందే పరిచయస్థులు. తనను పూర్తిగా మార్చివేసింది ఆ రోజేనని అతను తరువాత ఎన్నో ముఖాముఖీలలో చెప్పాడు. మనిషి ముందుకు ఎదగడం లేదు, వెనక్కి నడుస్తున్నాడు అన్న తలంపును అతనూ, అదే విశ్వవిద్యాలయంలో కళలు చదువుతున్న మార్క్ మదర్స్‌బా కలిసి ఒక సిద్ధాంతంగా అల్లుకున్నారు. పరిణామానికి ఎదురుగా నడిచే ఈ తిరోగమనానికి ఇంగ్లీషులో వాళ్ళు పెట్టుకున్న పేరు డీ ఎవల్యూషన్, దానిని కుదిస్తే డీవో.

మేము ముగ్గురం కలిసి కెంట్‌కు వెళ్ళాము. ప్రెంటిస్ హాల్ పక్కన ఉన్నది మామూలు కార్ల పార్కింగ్ స్థలమే. అందులో నాలుగు చోట్ల మాత్రం కారు నిలపకుండా చుట్టూ పొట్టి దీపస్తంభాలు నాటి, మూలలో గ్రానైట్ పలక మీద ఒక్కొక్క విద్యార్థి పేరు చెక్కి ఉంచారు. పక్కనే విద్యార్థులు కార్లు దిగి సంచులు భుజాన వేసుకుని తరగతులకు పోతున్నారు. మా అబ్బాయి ఒక పలక దగ్గర చాలా సేపు కదలకుండా నిలబడ్డాడు. వాడు నన్ను ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆ ఏడక్షరాల పాటనే మళ్ళీ పెట్టాడు. అందులోని కటువుదనం ఈసారి నాకు అల్లరిగా వినిపించలేదు.

1973లో కెంట్ స్టేట్ కళోత్సవంలో తొలి ప్రదర్శన జరిగింది. క్రమంగా స్థిరపడిన అయిదుగురిలో రెండు అన్నదమ్ముల జంటలు ఉన్నాయి. మార్క్, అతని తమ్ముడు బాబ్ మదర్స్‌బా ఒక జంట, జెరాల్డ్, అతని తమ్ముడు బాబ్ కసాలే మరొక జంట. మదర్స్‌బాల మరో సోదరుడు జిమ్ మొదట్లో తానే ఇంట్లో తయారుచేసిన ఎలక్ట్రానిక్ డ్రమ్ములు వాయించాడు. 1976లో అతని స్థానంలో అలన్ మయర్స్ వచ్చాడు. ఈ మయర్స్ లయ ఎంత ఖచ్చితమైనదంటే, యంత్రంలా వినిపించే ఆ పాటల్లో డ్రమ్ములు వాయించినది మనిషేనని నమ్మడానికి నాకు కొంత సమయం పట్టింది. ప్రేక్షకులు వీళ్ళను మొదట్లో ఆదరించలేదు. 1975 హాలోవీన్ నాడు క్లీవ్‌లాండ్‌లో ప్రఖ్యాత జాజ్ విద్వాంసుడు సన్ రా కచేరీకి ముందు వాయించినప్పుడు జనం ఆగ్రహంతో తిరగబడ్డారు. వీళ్ళు మాత్రం జనానికి నచ్చేలా తమ సంగీతాన్ని మార్చుకోలేదు.

ఈ కథలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా కదిలించినది ఆ మదర్స్‌బాల తండ్రి, రాబర్ట్ మదర్స్‌బా సీనియర్. 1976లో బృందం ఒక చిన్న సినిమా తీసింది, మరుసటి ఏడాది ఆన్ ఆర్బర్ చిత్రోత్సవంలో దానికి బహుమతి కూడా వచ్చింది. అందులో జనరల్ బాయ్ అనే సైన్యాధికారి పాత్ర ఉంది. పసిపిల్లవాడి రబ్బరు ముఖం తొడుక్కుని మార్క్ కాగితాలు తెచ్చి ఇస్తే, సైనిక దుస్తులు వేసుకుని బల్ల వెనుక కూర్చున్న ఆ అధికారి వాటిని అందుకుని గంభీరంగా ప్రకటన చేస్తాడు. ఆ అధికారి వేషం వేసినది కన్నతండ్రే. తరువాతి వీడియోలలో కూడా ఆయన అదే వేషంలో కనిపిస్తాడు.

ఆ దృశ్యాన్ని నేను ఎన్నిసార్లు చూశానో. ఊరు నవ్వుతున్న రోజులవి. కొడుకులు వాయించేది సంగీతమేనని ఒప్పుకునేవాళ్ళు తక్కువ. అటువంటి సమయంలో ఒక తండ్రి పిల్లలకు డబ్బు సర్దడమో, చూసీ చూడనట్టు ఊరుకోవడమో కాకుండా, వాళ్ళు ఇచ్చిన కోటు తొడుక్కుని, వాళ్ళు రాసిన మాటలు చదివి, వాళ్ళు కట్టుకున్న లోకంలోకి నడిచి వెళ్ళాడు. పిల్లల్ని మన లోకంలోకి పిలవడం మాకు బాగా తెలుసు. మనబడి తెలుగు తరగతులు, పండుగలు, శని ఆదివారాల సంగీత పాఠాలు అన్నీ ఆ పిలుపులే, వాటిని నేను మానబోను కూడా. వాళ్ళు పిలిచినప్పుడు మనం వెళ్ళడం అన్నది మాత్రం మాలో చాలామందికి ఇంకా అలవడలేదు.

డీవో భవిష్యత్తు ఆ తరువాత వేగంగా మారింది. వీళ్ళ టేపు ప్రఖ్యాత రాక్ గాయకులు ఇగ్గీ పాప్, డేవిడ్ బోయీల దాకా చేరింది, 1977లో న్యూయార్క్ వేదిక మీద బోయీ స్వయంగా వీళ్ళను పరిచయం చేశాడు. మొదటి ఆల్బమ్ జర్మనీలో కొలోన్ దగ్గర కోనీ ప్లాంక్ స్టూడియోలో సంగీతకారుడు బ్రయన్ ఈనో పర్యవేక్షణలో తయారై 1978లో విడుదలైంది. ఆ అక్టోబరులో శాటర్డే నైట్ లైవ్ అనే టీవీ కార్యక్రమంలో కార్మికులు తొడుక్కునే పసుపుపచ్చ సూట్లు వేసుకుని కనిపించిన అయిదుగురినీ దేశమంతా చూసింది. 1980లో వచ్చిన ఫ్రీడమ్ ఆఫ్ చాయిస్ ఆల్బమ్‌తో విద్యుత్తుతో స్వరాలు పుట్టించే కీబోర్డు, సింథసైజర్, ముందు వరుసలోకి వచ్చింది, అందులోని విప్ ఇట్ (కొరడా ఝుళిపించు) పాట అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 14వ స్థానానికి చేరింది. మెట్లు మెట్లుగా ఉండే ఎర్రని ప్లాస్టిక్ టోపీ కూడా అప్పటిదే. మా అబ్బాయి వీడియోలో ఆ టోపీ చూపించినప్పుడు మా అమ్మ, “గోపురం బోర్లించుకున్నట్టుందిరా నాన్నా” అని మురిసిపోయింది.

విప్ ఇట్ విషయంలో మాత్రం మా ఇంట్లో కొంత చర్చ జరిగింది. కష్టపడితే అన్నీ సాధించవచ్చు అనే అమెరికా ప్రబోధాలను అనుకరిస్తూ రాసిన ఆ పాటను జనం ద్వంద్వార్థంతో తీసుకున్నారు, బృందం కూడా ఆ అపార్థాన్నే ఆసరాగా తీసుకుని వీడియో తీసింది. అందులో కొరడాతో ఒక స్త్రీ దుస్తులు లాగే దృశ్యం నాకు ఇప్పటికీ నచ్చదు, ఆ మాట మా వాడితో సూటిగానే అన్నాను. వాడు ఆ బృందాన్ని ఎంత ఇష్టపడినా, “నాకూ ఆ ముక్క బాగోదమ్మా” అని ఒప్పుకున్నాడు. ఇష్టమైన వాళ్ళలోని తప్పును గుర్తించగలగడం వాడికి వచ్చినందుకు నాకు తృప్తిగా ఉంది. 1981 ఆగస్టులో పాటల వీడియోలు చూపే ఎమ్‌టీవీ చానెల్ మొదలయ్యే నాటికి వీడియోలు తీసి పెట్టుకున్న బృందాలు బహు తక్కువ కాబట్టి, వీళ్ళ ముఖాలు ప్రతి ఇంటికీ చేరాయి.

తరువాతి ఆల్బమ్‌లకు ఆ ఆదరణ తగ్గుతూ వచ్చింది. 1984లో షౌట్ ఆల్బమ్ తరువాత, వీళ్ళ రికార్డులు విడుదల చేసే వార్నర్ సంస్థ వీళ్ళను వదులుకుంది, మయర్స్ తప్పుకున్నాడు, 1991 నాటికి బృందం ఆగిపోయింది. మార్క్ లాస్ ఏంజిలిస్‌లో మ్యూటాటో మ్యూజికా అనే సంగీత సంస్థ పెట్టి పిల్లల టీవీ కార్యక్రమాలకు, సినిమాలకు సంగీతం కూర్చాడు. రగ్‌రాట్స్ కార్టూన్‌కు సంగీతం అతనిదే. 2014లో వచ్చిన లెగో మూవీ నేపథ్య సంగీతమూ అతనిదేనని తెలిసినప్పుడు మా వాడు నివ్వెరపోయాడు. అయిదేళ్ళ వయసులో జ్వరం తగిలి పడుకున్న వారమంతా వాడు మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూసిన సినిమా అది. ఈ ఊరి మనిషి సంగీతం వాడి మంచం పక్కకు అలా ఎప్పుడో వచ్చి వెళ్ళింది.

1996లో బృందం మళ్ళీ కలిసింది, 2010లో కొత్త ఆల్బమ్ తెచ్చింది. 2013లో మయర్స్, 2014 ఫిబ్రవరిలో బాబ్ కసాలే కన్నుమూశారు. ఆ ఏడాది వేసవిలో మిగిలినవాళ్ళు తమ తొలినాళ్ళ పాటలతో పర్యటించి, వచ్చిన దానిలో కొంత బాబ్ కుటుంబానికి ఇచ్చారు. అన్నదమ్ములతో మొదలైన బృందం అలాగే నడుచుకుంది.

మా వాడు కీబోర్డు మీద కర్ణాటక సంగీతం ఆరేళ్ళుగా నేర్చుకుంటున్నాడు. కీబోర్డుతో ఉన్న చిక్కు మన సంగీతం తెలిసినవాళ్ళకు కొత్త కాదు. మెట్టు నుంచి మెట్టుకు దూకడమే తప్ప స్వరాన్ని ఊపడం దానికి రాదు, గమకం లేని మోహనం ఉప్పు లేని పప్పులా ఉంటుంది. డీవో మీద ఇష్టంతో వాడు వేసవి సెలవుల్లో పచ్చిక కోసి సంపాదించిన డబ్బుతో ఒక పాత సింథసైజర్ కొన్నాడు. దాని ఎడమ చివర చిన్న చక్రం ఒకటి ఉంటుంది, వేలితో ముందుకు నెడితే స్వరం పైకి, వెనక్కి లాగితే కిందికి జారుతుంది. ఒక రాత్రి మెట్ల దగ్గర వాడి గది నుంచి మోహనంలో గాంధారం వినిపించింది. నిటారుగా కాదు, మెల్లగా ఊగుతూ. తలుపు తోసి చూస్తే వాడు కుడి చేత్తో మెట్టు నొక్కి, ఎడమ బొటనవేలితో ఆ చక్రాన్ని వెంట్రుకవాసి కదుపుతున్నాడు. ఒక్కొక్కసారి ఊపు ఎక్కువై స్వరం తప్పుతోంది, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. నేను గడప దగ్గరే కూర్చుండిపోయాను.

ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ళ కార్యక్రమంలో వాడు ఏడక్షరాల తాళంలో సొంతంగా కూర్చిన చిన్న రచన వాయించాలనుకున్నాడు. డ్రమ్ము యంత్రం వద్దు, మనిషే తాళం వేయాలి అన్నాడు. అడిగినది నన్ను కాదు, జీవితంలో ఎన్నడూ వేదిక ఎక్కని వాళ్ళ నాన్నను. మావారు ఒక రాత్రంతా మాట్లాడలేదు. మర్నాడు కాఫీ తాగుతూ, “ఆ రబ్బరు ఊరి నాన్నగారు వేషమే కట్టాడు, నేను చెయ్యి వేయలేనా” అన్నారు.

నెల రోజులు భోజనాలయ్యాక ఇద్దరూ బల్ల దగ్గర సాధన చేశారు. వీడియోలో తెనాలి నుంచి మా అమ్మ కూడా లెక్క పెట్టేది. ఉగాది సాయంత్రం మావారు పట్టుపంచె కట్టుకుని, వాడు ఎంత వద్దన్నా తానే సింథసైజర్ పెట్టె, తీగల చుట్ట మోసుకుని వేదిక ఎక్కి, వాడి పక్కన కుర్చీలో కూర్చున్నారు. వాడు పంచె మీద ఆ ఎర్ర టోపీ పెట్టుకున్నాడు. దీపాలు తగ్గాయి. మావారి చెయ్యి మోకాలి మీద ఒకసారి వణికి నిలిచింది. మైకు తెరిచి ఉన్న సంగతి మరచిపోయి మా వాడు, “నాన్నా, తకధిమి దగ్గర కొంచెం గట్టిగా వెయ్యండి” అన్నది హాలంతా వినిపించింది. మావారు తలూపి మొదటి దెబ్బ వేశారు.