చాయ్ ఊదినప్పుడల్లా

నా ఎడమ చేయి మొదటిసారి పట్టు తప్పింది వేడి చాయ్ ఊదుకుంటున్నప్పుడు. 2022 వేసవిలో హనుమకొండలోని మా ఇంటి వరండాలో గ్లాసు జారి పడింది. వేళ్లు తిమ్మిరెక్కి, పది నిమిషాల్లో మళ్లీ మామూలయ్యాయి. రాత్రి చేయి మీద పడుకున్నానేమో అనుకొని బడికి వెళ్లిపోయాను. ఆ తర్వాత పాప పుట్టినరోజుకు బుగ్గలు (బెలూన్లు) ఊదినప్పుడు ఒకసారి, సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర గంటసేపు గొంతెత్తి పాడినప్పుడు ఇంకొకసారి అలాగే జరిగింది. గుట్ట దగ్గరైతే మాట కూడా ముద్దయింది. ఈ మూడింటికీ ఉన్న సంబంధం నాకు తట్టలేదు. తట్టవలసిన వారికీ తట్టలేదు.

ఆయన మా ఊళ్లో పేరున్న వైద్యుడు. సుత్తితో మోకాలు తట్టి, రక్తపరీక్షలు చూసి, పక్కనే కూర్చున్న మా అత్తమ్మ వైపు నవ్వుతూ చూసి, "జబ్బు చేతిలో లేదమ్మా, ఇంట్లో ఉన్నట్టుంది" అన్నారు. ముఖం మాడ్చుకున్నది అత్తమ్మ, తల దించుకున్నది నేను. మందుల చీటీ చివర రెండు పూటలా పది నిమిషాలు కపాలభాతి, అంటే ఊపిరిని జోరుగా బయటికి నెట్టే ప్రాణాయామం, చేయాలని రాసిచ్చారు. పిల్లలకు చెప్పింది చేయమని నేర్పే ఉపాధ్యాయినిని కనుక ఒక్క పూటా మానలేదు.

డిసెంబరులో ఒక రాత్రి కపాలభాతి ముగించి లేవబోతే ఎడమ కాలు కదల్లేదు. మంచానికీ గోడకూ మధ్య పడిపోయాను. అన్నీ వినబడుతున్నాయి, చెప్పవలసిన మాటలు మనసులో సాఫుగా ఉన్నాయి, నోటి నుంచి మాత్రం మూలుగే వస్తోంది. మా ఆయన నన్ను లేపి పడుకోబెట్టి, "టెన్షనే గదా, జరసేపు పండుకుంటె తగ్గుతది" అన్నారు. ఆయన తప్పు కాదు, ఆ నవ్వు మా ఇంటిదాకా వచ్చిందంతే. అత్తమ్మ లైటు వేసి నా ముఖం చూసింది. "మూతి వంకరవోయింది కనవడ్తలేదారా? మా నాయినకు గిట్లనే అయింది. బండి తియ్యి" అని అరిచింది.

వరంగల్‌లో తల స్కాన్ తీసి, రక్తస్రావం లేదని చెప్పి హైదరాబాదుకు పంపించారు. జనగామ దాటేదాకా నేను నా ఎడమ చేతిని కుడి చేత్తో తడుముతూనే ఉన్నాను. చలికి బిగుసుకున్న పరాయి మనిషి చేయి పట్టుకున్నట్టుండేది. ఏడుపు తన్నుకొచ్చినప్పుడల్లా అత్తమ్మ నా గదవ పట్టుకొని, "ఏడ్వకు బిడ్డా, మెల్లగ ఊపిరి తీస్కో" అనేది. వెక్కివెక్కి ఏడ్వడం కూడా నాకు ప్రమాదమేనని తర్వాత తెలిసింది. చదువురాని ఆమె చెప్పిన మాటకూ చదువుకున్నాయన రాసిన చీటీకీ ఉన్న తేడాను నేను ఈ జన్మకు మరిచిపోను.

మెదడు రక్తనాళాలను చిత్రం తీసే యాంజియోగ్రామ్‌లో బయటపడింది మోయమోయ అనే జబ్బు. మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులు పుర్రె లోపల క్రమంగా సన్నబడిపోతే, వాటికి బదులు పుట్టుకొచ్చే సన్నటి నాళాలు చిత్రంలో పొగ కమ్మినట్టు కనిపిస్తాయి. 1969లో జపాను వైద్యులు ఆ పొగ పేరే జబ్బుకు పెట్టారు. మా అమ్మ మాత్రం "మోయలేనిదానికి మోయమోయ అని పేరా" అన్నది. జోరుగా ఊపిరి వదిలితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి మెదడు నాళాలు ముడుచుకుంటాయి. ఆరోగ్యవంతులకు కాస్త తల తిరుగుతుందేమో, నాలాంటివారికి అసలే చాలీచాలని రక్తం అందకుండా పోతుంది. చాయ్, బుగ్గలు, బతుకమ్మ పాట, కపాలభాతి: అన్నీ ఒకటే దారి. ప్రాణాయామాన్ని నేను నిందించడం లేదు, కారణం వెతకకుండా దాన్ని రాసిచ్చిన చేతినే నిందిస్తున్నాను.

ఎడమ చేతిని నడిపేది మెదడు కుడి భాగం కనుక, కుడి చెవి ముందు నుంచి నెత్తికి వెళ్లే ధమనిని పుర్రె లోపలికి మళ్లించి మెదడు నాళానికి కుట్టారు. ఆ శస్త్రచికిత్స చేసిన వైద్యురాలు ప్రతి ఉదయం నా మంచం పక్కన కూర్చొని, చేయి ఎత్తించి, నేను అడిగినన్ని ప్రశ్నలకు జవాబు చెప్పేది. చేయి మూడు నెలల్లో తిరిగొచ్చింది. చిటికెన వేలు ఇంకా మొండికేస్తోంది. యాస్పిరిన్ రోజూ వేసుకుంటున్నాను. ఎడమ వైపు ధమనిని ఏటేటా చూపించుకోవాలి. అమ్మ మొక్కుకున్న నిలువెత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, 2024 ఫిబ్రవరి జాతరలో మేడారంలో చెల్లించాము. 54 కిలోల బెల్లం నా ఎదుట తూకమేస్తుంటే, నన్ను బతికించింది తల్లి సమ్మక్కా, ఆ వైద్యురాలా అని ఎంచబుద్ధి కాలేదు.

చేయో మాటో పది నిమిషాలు పోయి తిరిగి వస్తే, వచ్చింది కదా అని ఊరుకోకండి. ఏం చేస్తుండగా పోయిందో రాసిపెట్టుకొని నరాల వైద్యునికి చూపించండి, మెదడు రక్తనాళాల చిత్రం తీయించమని అడగండి.

ఆ పాత చీటీ, యాంజియోగ్రామ్ చిత్రం రెండూ ఒకే సంచిలో పెట్టుకొని పోయిన నెల ఆ వైద్యుని దగ్గరికి వెళ్లాను. నా టోకెన్ నలభై ఒకటి. ఇరవై దాకా కూర్చొని లేచి వచ్చేశాను. ఇంటికొచ్చేసరికి అత్తమ్మ చాయ్‌ని రెండు గ్లాసుల మధ్య ఎత్తి పోస్తూ చల్లారబెడుతోంది.